పంతులుగారంటే ఏ పంతులుగారు?

నాకప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. తాతయ్య తద్దినానికని వైజాగ్ నుంచి సెలవు పెట్టుకొచ్చిన మా చిన్నాన్న, బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే నన్ను పిలిచి "ఒరేయ్, పంతులుగారింటికెళ్ళి రేపు తద్దినం, మర్చిపోవద్దన్నారని చెప్పిరా, భోక్తల సంగతి కూడా కనుక్కో" అన్నాడు. భోక్తలంటే తద్దినం నాడు పితృదేవతల పేరిట భోజనానికి కూర్చునే బ్రాహ్మణులు. నాకు తెలిసిన పంతులుగారంటే వేణుగోపాలస్వామి గుళ్ళో చక్రపొంగలి పెట్టే ఆయనే. ఒక్క పరుగున వెళ్ళి, గుళ్ళో పాతికమంది జనం మధ్యలో నిలబడి, "రేపు మా తాతయ్య తద్దినం, మీరు భోక్తగా రావాలిట" అని గట్టిగా చెప్పేశాను.

గుళ్ళో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నావైపు చూశారు. ఆయన చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా నవ్వి, నా తల మీద శఠగోపం పెట్టి (మామూలుగా కంటే కాస్త గట్టిగానే పెట్టారని నా అనుమానం) "నాయనా, నేను స్వామికి పనిచేసేవాణ్ణి. మీ ఇంటికి పనిచేసేది శాస్త్రిగారు. నేను భోక్తగా కూర్చుంటే ఆ పూట స్వామిని ముట్టుకోడానికి లేదు, మరి ఆయనకి అన్నం ఎవరు పెడతారు?" అన్నారు. ఇంటికొచ్చి ఇదంతా చెప్తే బామ్మ నాకో మొట్టికాయ వేసింది, తర్వాత చిన్నాన్న వైపు తిరిగి "వాడంటే వెధవ, నీకేమొచ్చింది? పంతులుగారంటే ఏ పంతులుగారురా? బళ్ళో ఉన్నది పంతులుగారే, గుళ్ళో ఉన్నదీ పంతులుగారే!" అని అరగంటసేపు వాయించింది.

మా బామ్మకి ఒక్కొక్కళ్ళకి ఒక్కో మాట ఉండేది, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి వాడితే అస్సలు ఊరుకునేది కాదు. గుళ్ళో ఆయన ఆచార్యులుగారు, మా ఇంటికొచ్చే ఆయన శాస్త్రిగారు, పంచాంగం చెప్పే ఆయన సిద్ధాంతిగారు, అవతలూరి పెద్దాయన సోమయాజులుగారు, ఆయన భార్య సోమిదేవమ్మగారు, పెళ్ళిళ్ళకి వచ్చి కళ్ళు మూసుకుని వేదం చెప్పే ఆయన ఘనపాఠిగారు. వీళ్ళల్లో ఒక్కరి అసలు పేరు కూడా నాకు తెలీదు, మా ఇంట్లో ఎవరూ పేరుతో అనగా వినలేదు.

ఆచార్యులుగారిది వైఖానసం. ఆ మాటకి అర్థం నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలీలేదు, చిన్నప్పుడు అదేదో ఇంటిపేరు అనుకునేవాణ్ణి. విష్ణ్వాలయాల్లో పూజ రెండు పద్ధతుల్లో జరుగుతుంది, వైఖానసం, పాంచరాత్రం అని. తిరుమల కొండ మీద వైఖానసం, కింద తిరుచానూరులో అమ్మవారికి పాంచరాత్రం, అలాగే శ్రీరంగంలో పాంచరాత్రం. పాంచరాత్రం వాళ్ళు దీక్ష తీసుకోవాలి, భుజాల మీద శంఖచక్రాలు వేయించుకోవాలి. వైఖానసుల బిడ్డకి ఆ అవసరం లేదు, తల్లి కడుపులో ఉండగానే విష్ణుబలి అని ఒక సంస్కారం చేసేస్తారు, ఇంక పుట్టడమే వైష్ణవుడిగా పుడతాడు. ఆచార్యులుగారి అబ్బాయి నా క్లాసే, వాణ్ణి లెక్కల మాస్టారు బెంచీ ఎక్కిస్తే "నేను పుట్టకముందే పాసయ్యానండీ" అన్నాడు ఒకసారి, దానికి ఇంకో రెండు పడ్డాయి.

మూలవిరాట్టుని ముట్టుకునేది అర్చకుడొక్కడే. ఎంత పండితుడైనా, ఎన్ని వేదాలు వచ్చినా గడప ఇవతలే నిలబడాలి. ఘనపాఠిగారంతటి వారు కూడా మా గుళ్ళో ఆచార్యులుగారి ముందు చెయ్యి చాపి తీర్థం పుచ్చుకోవడం చూసి నాకు భలే ఆశ్చర్యంగా ఉండేది. అలాగని ఆచార్యులుగారు మా ఇంటికొచ్చి వ్రతం చేయించరు, నామకరణం చేయించరు. ఎవరి పని వాళ్ళది.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అని సామెత ఉంది కదా, మా ఆచార్యులుగారి విషయంలో అది పూర్తిగా తిరగబడింది. 1987 లో దేవాదాయ చట్టం వచ్చి మిరాశీ రద్దయింది, అంటే తాత తండ్రుల నుంచీ వచ్చే అర్చకత్వపు హక్కు పోయింది. ఆ రోజుల్లో సాయంత్రం దర్శనాలయ్యాక ఆయనా మా నాన్నా గుడి అరుగు మీద కూర్చుని గంటలు గంటలు దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు, ఆచార్యులుగారు ఎప్పుడూ ఒకటే మాట, "ఇంతకీ రేపు తలుపు తీసేది నేనేనా కాదా" అని. 1996 లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం చెల్లుతుందనే చెప్పింది, మళ్ళీ 2007 లో చట్టం సవరించి వంశపారంపర్య అర్చకులకి కొంత ఊరట ఇచ్చారు. ఈ ఇరవై ఏళ్ళల్లో ఆయన ఒక్కరోజు కూడా తలుపు తియ్యడం మానలేదనుకోండి. తీర్పు సంగతి స్వామికి తెలీదు, పొద్దున్నే ఆయనకి ఆకలేస్తుంది అనేవారు.

ఊరికి అటు చివర శివాలయం. అక్కడి పూజారిగారు మెడలో లింగకాయ కట్టుకునేవారు, తమ్మళిగారు అనేవాళ్ళు ఊళ్ళో. కార్తీకమాసంలో తప్ప ఆయన్ని పట్టించుకున్నవాడు లేడు, కార్తీకమాసంలో ఆయనకి ఊపిరాడేది కాదు. ఇంక పొలిమేరలో అమ్మవారి గుడి ఉంది చూశారూ, అక్కడ పూజారి కుమ్మరింటాయన. ఆయనకి మంత్రాలు రావు. అమ్మవారితో ఎదురింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు, "ఏవమ్మా, ఈ ఏడు వాన ఎక్కడ దాచేశావు, పిల్లలకి జ్వరాలేంటి, చూసుకోవక్కర్లేదా" అని కోప్పడేవాడు కూడా. జాతరకి చీర తీసుకెళ్ళినప్పుడు మా బామ్మ, అంత మడీ ఆచారం ఉన్న మనిషి, ఆయన వేపాకుతో చల్లే నీళ్ళకి తల వంచేది. నేను ఆశ్చర్యంగా చూస్తే "ఆవిడకి ఆయనే అర్చకుడు, నోరు మూసుకుని దణ్ణం పెట్టు" అంది.

సరే, శాస్త్రిగారి దగ్గరికి వద్దాం, అసలు ఈ పోస్టు మొదలుపెట్టిందే ఆయన కోసం.

శాస్త్రిగారు మా పురోహితులు. పాత సైకిలు, క్యారియర్ మీద దర్భల కట్ట, హ్యాండిల్‌కి ఖాళీ సంచీ, వెళ్ళేటప్పుడు ఆ సంచీ స్వయంపాకం బియ్యంతో నిండి ఉండేది. "అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా" అంటారు గానీ, మా ఊళ్ళో మాత్రం అమావాస్యనాడు ఆరిళ్ళల్లో తర్పణాలు ఆయన సైకిలు బెల్లు కోసం ఆగేవి. మా ఇంట్లో ఎవరు ఏ నక్షత్రంలో పుట్టారు, ఎవరి పెళ్ళి ఏ ముహూర్తానికి జరిగింది, ఎవరు ఏ తిథిన పోయారు అన్నీ ఆయన నోటి మీద ఉండేవి. నాన్నకి వాళ్ళ ముత్తాత పేరు గుర్తురాక తడబడితే సంకల్పం మధ్యలోనే ఆయన అందించేసేవారు. పురోహితుడంటే ముందు నిలబెట్టుకున్నవాడని అర్థంట, పురః అంటే ముందు. మా ఇంటికి సంబంధించి ఆయన వెనక కూడా ఉండేవారు, డబ్బులు లేని ఏడాది "దక్షిణదేముందండీ, వచ్చే పంటకి చూద్దాం" అనడం నేను చెవులారా విన్నాను.

ఒడుగు (ఉపనయనం) అయ్యాక రెండు వేసవి సెలవులు నన్నూ మా తమ్ముణ్ణీ వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టి సంధ్యావందనం, తర్వాత శివుడికి చదివే నమకం చమకం నేర్పారు. ఋగ్వేదం మొదటి మంత్రం "అగ్నిమీళే పురోహితం యజ్ఞస్య దేవమృత్విజం హోతారం రత్నధాతమమ్" అని చెప్పించి, "చూశావురా, మొదటి మంత్రంలోనే మా ఉద్యోగాలు మూడున్నాయి, పురోహితుడు, ఋత్విక్కు, హోత, ఈ మూడూ చేసేది అగ్నిహోత్రుడే, మేమందరం ఆయనకి అసిస్టెంట్లం" అనేవారు. యజ్ఞంలో ఋగ్వేదం చెప్పేవాడు హోత, చేత్తో పని చేసేవాడు అధ్వర్యువు, ఆయనది యజుర్వేదం, సామం పాడేవాడు ఉద్గాత, నాలుగో ఆయన బ్రహ్మ. ఒక్కొక్కళ్ళ వెనక ఇంకో ముగ్గురు, మొత్తం పదహారుమంది ఉంటే గానీ సోమయాగం జరగదు. ఈ బ్రహ్మగారు మాత్రం ఏమీ మాట్లాడకుండా కూర్చుని అన్నీ చూస్తుంటారట, ఎవరైనా తప్పు చేస్తే దానికి ప్రాయశ్చిత్తం చూడడం ఆయన పని. "ఏమీ చెయ్యనాయనకి కూడా దక్షిణిస్తారా మాస్టారూ" అని మా తమ్ముడు అడిగితే శాస్త్రిగారు అరుగు మీద నుంచి పడిపోయేంత నవ్వారు, "ఒరేయ్, తప్పు పట్టగలిగినవాడికే ఎక్కువివ్వాలిరా!" అని.

మాస్టారూ అని పిలవడం కూడా తప్పే అని బామ్మ గొడవ. దానికి శాస్త్రిగారే సర్దిచెప్పేవారు. మనుస్మృతి ప్రకారం ఒడుగు చేసి వేదం మొత్తం చెప్పేవాడు ఆచార్యుడు, బతుకుతెరువు కోసం వేదంలో కొంత భాగం చెప్పేవాడు ఉపాధ్యాయుడు, పుట్టినప్పటి నుంచీ సంస్కారాలు చేసి అన్నం పెట్టి పెంచినవాడు గురువు, అంటే తండ్రే అసలు గురువు. "మీ నాన్న నాకు సంచీలో బియ్యం పోస్తున్నాడు, నేను మీకు నమకం చెప్తున్నాను, కాబట్టి నేను ఉపాధ్యాయుణ్ణే, వాళ్ళు మాస్టారనడంలో తప్పేం లేదండీ పిన్నిగారూ" అనేవారు. ఉపాధ్యాయ అన్న మాటే నలిగి నలిగి తెలుగులో ఒజ్జ అయిందని కూడా ఆయనే చెప్పారు.

ఘనపాఠిగారి గురించి చెప్పకపోతే మా తమ్ముడు ఊరుకోడు. పెళ్ళిలో ఆశీర్వచనం టైముకి పెద్దాయన గొంతు సవరించుకుంటే పందిరి మొత్తం నిశ్శబ్దం అయిపోయేది. ఘన అంటే ఏంటో శాస్త్రిగారు మాకు పప్పన్నంతో నేర్పారు: "పప్పు అన్నం, అన్నం పప్పు, పప్పు అన్నం నెయ్యి, నెయ్యి అన్నం పప్పు, పప్పు అన్నం నెయ్యి." ఇలా ఒక్కో మాట ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ వేదంలోని వేలకి వేల మాటలు స్వరం తప్పకుండా చెప్పగలిగితే అప్పుడు ఘనపాఠి. అంతకన్నా కింది మెట్టు మీద ఆగితే క్రమపాఠి. చిన్నప్పటి నుంచీ పన్నెండేళ్ళూ పదిహేనేళ్ళూ ఇంకో పని లేకుండా కూర్చుంటే వచ్చే మాట అది. మేమిద్దరం వారం రోజులు ఇంట్లో అన్నీ ఘనలోనే మాట్లాడాం, "అమ్మా మంచినీళ్ళు, మంచినీళ్ళు అమ్మా, అమ్మా మంచినీళ్ళు ఇయ్యి" అని, చివరికి అమ్మ అట్లకాడ తీసింది.

సోమయాజులుగారు ఇంకో రకం. నేను చూసేటప్పటికే చాలా పెద్దాయన, మాట్లాడేదే తక్కువ. సోమయాగం చేసినవాళ్ళకే ఆ పేరు, వాజపేయం చేస్తే వాజపేయయాజులు. ఇంట్లో మూడు అగ్నులు, వాటిని వదిలి ఊరు దాటి రాత్రి ఎక్కడా ఉండేవారు కాదు. మా ఇంట్లో పెళ్ళికి కూడా పొద్దున్న వచ్చి అక్షింతలేసి సాయంత్రం హోమం వేళకి బండి కట్టించుకుని వెళ్ళిపోయారు. సోమిదేవమ్మగారు లేకపోతే అసలు ఆ అగ్నిహోత్రమే లేదు, అందుకని ఆవిడకి ఆ పేరు ఉత్తినే మర్యాదకి వచ్చింది కాదు, ఇద్దరూ కలిసి సంపాదించుకున్నది. ఆయన పోయినప్పుడు ఆ ఇంటి అగ్నితోనే దహనం చేశారు, యజ్ఞపాత్రలు ఒంటి మీద పెట్టి. నేను దూరం నుంచే చూశాను, చెక్క గరిటెలు అవీ.

ఇప్పుడు ఈ పేర్లన్నీ ఇంటిపేర్లూ ఒంటిపేర్లూ అయిపోయాయి. హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఒక సోమయాజులు ఉండేవాడు, వాడికి లైటర్‌తో గ్యాస్ స్టవ్ వెలిగించాలన్నా భయమే. ఆచారి అంటే కొందరికి వైష్ణవ స్వామి గుర్తొస్తాడు, కొందరికి తలుపు చేసే వడ్రంగి గుర్తొస్తాడు, ఇద్దరూ ఆ ఆచార్య అన్న మాటకి హక్కుదార్లే.

స్వాములవార్ల సంగతి చెప్తే పోస్టు ఇంకా పెరిగిపోతుంది గానీ ఒక్కటి చెప్తా. ఒక ఏడాది మా ఊరికి శంకరుల సంప్రదాయంలో స్వామివారొకరు వచ్చారు, పేరు చివర సరస్వతి. "మగవాళ్ళకి సరస్వతి పేరేంటి" అని అడిగి మళ్ళీ మొట్టికాయ తిన్నాను. సన్యాసులకి తీర్థ, ఆశ్రమ, వన, అరణ్య, గిరి, పర్వత, సాగర, సరస్వతి, భారతి, పురి అని పది పేర్లు, ఏ పరంపర వాళ్ళకి ఆ పేరు. శృంగేరిలో 1989 నుంచీ పీఠం మీద ఉన్నవారు మన తెలుగువారే, బందరులో పుట్టారు, ఆయన పేరులో భారతీ ఉంది, తీర్థా ఉంది. మరుసటి ఏడాది ఒక జీయరుస్వామి, అంటే వైష్ణవ సన్యాసి, వచ్చారు. మొదటి ఆయన చేతిలో ఒకటే దండం, తల గుండు, ఒంటి మీద జంధ్యం లేదు. ఈయన చేతిలో మూడు కర్రలు కలిపి కట్టిన త్రిదండం, పిలకా జంధ్యం రెండూ ఉన్నాయి. ఇద్దరికీ మా నాన్న సాష్టాంగపడ్డాడు. సన్యాసికి కన్నతండ్రి కూడా దణ్ణం పెట్టాలిట, తల్లికి మాత్రం సన్యాసే పెడతాడు. ఈ రూలు మాత్రం మా బామ్మకి చాలా ఇష్టం.

ధనుర్మాసంలో హరిదాసు వచ్చేవాడు, తల మీద రాగిపాత్ర, చేతిలో చిడతలు, ఎవరేమడిగినా జవాబు చెప్పడు, పాట ఒక్కటే. మేం బియ్యం వెయ్యడానికి అందకపోతే ఆయనే మోకాళ్ళ మీద కూర్చునేవాడు. సిద్ధాంతిగారు ఉగాదికి, హరిదాసు సంక్రాంతికి, మిగతా ఏడాదంతా శాస్త్రిగారు.

2015 జులైలో గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళాను. 2003 లో నాన్న చేస్తుంటే పక్కన నిలబడి కొబ్బరికాయలు కొట్టినవాణ్ణి, ఈసారి నాన్న పేరు కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. కోటిలింగాల రేవులో దొరికిన పురోహితుడు కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, మెడలో గుర్తింపు కార్డు, ఒక కన్ను ఫోను మీద. కానీ చదువు మాత్రం శుభ్రంగా ఉంది. తండ్రి, తాత, తల్లి, మేనమామలు, అత్తలు అన్నీ అయ్యాక "గురువుగారు ఉన్నారాండీ, పోయారాండీ?" అన్నాడు. పోయి ఆరేళ్ళయిందన్నాను. "గోత్రం, పేరు చెప్పండి."

నోట్లోంచి మాట రాలేదు. నీళ్ళల్లో నిలబడే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కాసేపు ఆలోచించి "శాస్త్రిగారే కదరా" అన్నాడు. చిన్నాన్నకి చేస్తే ఆయనా అంతే, "మన శాస్త్రిగారికి పేరేంటి?" అని నన్నే ఎదురడిగాడు. మా ఇంట్లో నాలుగు తరాల పేర్లు నోటి మీద పెట్టుకున్న మనిషి పేరు మాలో ఒక్కడికి తెలీదు.

కుర్రాడు ఒక్క నిమిషం నావైపు చూసి, "పరవాలేదండీ, గోత్రం తెలీకపోతే కాశ్యపస అనుకోవచ్చు. పేరు మీరేమని పిలిచేవారో అదే చెప్పండి" అన్నాడు. చెప్పాను. "కాశ్యపస గోత్రం, శాస్త్రి శర్మాణం, వసురూపం, స్వధా నమస్తర్పయామి" అని వాడు చెప్పించాడు, మూడుసార్లు నీళ్ళు వదిలాను. వెనక ఇంకో పదిమంది ఎదురుచూస్తున్నారు, వాడికీ తొందరగా ఉంది, "ఇంకెవరైనా ఉన్నారాండీ, ఆచార్యులూ అవీ?" అన్నాడు.

ఉన్నారండీ, కొంచెం ఎక్కువమందే ఉన్నారు అని, ఇంకాసిని నువ్వులు వెయ్యమని చెయ్యి చాపాను.